నాన్న కంట్లో లెన్స్ తెల్లబారింది, కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: 2021లో ఖమ్మంలో డబ్బు కట్టి మా నాన్నకు శుక్లం ఆపరేషన్ చేయించాం. మూడేళ్లు బాగానే చూశారు. ఇప్పుడు అంతా పొగమంచులా ఉందంటున్నారు. అప్పుడు లోపల అమర్చిన లెన్సే తెల్లబారింది, మార్చాలని గత నెల వేరే డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేసినాయన మీద కేసు వేయొచ్చా?

జవాబు: ముందు తెల్లబారింది లెన్సా, దాని వెనక పొరా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. పొర మసకబారడం చాలామందికి జరిగేదే, యాగ్ లేజర్‌తో పోతుంది. లెన్సులోనే కాల్షియం పేరుకుంటే లేజర్ పనిచేయదు. మీ కేసంతా ఈ తేడా మీదే నిలబడుతుంది.

డాక్టరు మీద గెలవాలంటే ఆయన నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. లెన్స్‌లోనే లోపముంటే దాని తయారీదారును 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కింద అడగవచ్చు. ఆసుపత్రినీ ప్రతివాదిగా చేర్చండి, లెన్స్ ఎక్కడ కొన్నదీ చెప్పాల్సింది వాళ్లే.

ఇంట్లో పాత ఫైలు వెతకండి. డిశ్చార్జి కాగితం మీదో, చిన్న కార్డు మీదో ఒక స్టిక్కర్ ఉంటుంది: కంపెనీ పేరు, పవర్, సీరియల్ నంబరు. ఆ అంగుళం కాగితం లేకుంటే ఏ లెన్స్ వేశారో చూపడం చాలా కష్టం. దొరక్కపోతే రికార్డులు కావాలని ఆసుపత్రికి ఈరోజే రాసివ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కానీ ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలన్నదే నిబంధన, ఆ గడువు మీకు దాటింది. అందుకే ఆలస్యం వద్దు.

కేసు కోసం నాన్నగారి ఆపరేషన్ మాత్రం ఆపకండి, ఆయన చూపు ముందు. తీసిన లెన్స్‌ను పారేయకుండా పేరు, తేదీ రాసి సీలు చేసి ఇమ్మని సర్జన్‌కు ముందే రాసివ్వండి. పరీక్షకని కంపెనీ మనిషి అడిగినా చేతికివ్వకండి. కేసు వినే వినియోగదారుల కమిషనే దాన్ని ల్యాబుకు పంపగలదు. షుగరు వల్లే అలా అయిందని కంపెనీ వాదించవచ్చు, కాబట్టి నాన్నగారి షుగరు రిపోర్టులూ జత చేయండి.

మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. దాన్ని ఆపరేషన్ రోజు నుంచి లెక్కించాలని అవతలివాళ్లు అంటారు, లోపం బయటపడిన రోజు నుంచి అని మనం వాదించాలి. గత నెల రిపోర్టు తేదీ అందుకే ముఖ్యం. ఎందుకైనా మంచిది, ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు కూడా ఫిర్యాదుతోపాటే పెట్టండి.