ఆవిరి సామిల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆవిరి యంత్రాలతో నడిచిన పాత సామిల్లులను కాపాడటం, వీలైతే మళ్లీ నడపటం గురించి ఇటీవల అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. రెండో ఉత్తరం ప్రాణాలకు సంబంధించినది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: అయ్యా, మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. సెబాస్టపోల్ దగ్గర ఉన్న స్టర్జన్స్ మిల్లును చూపించడానికి మా అమ్మాయిని తీసుకువెళ్లాను. పెద్ద రెడ్‌వుడ్ మానును ఆవిరి బలంతో కళ్ల ముందే పలకలుగా కోశారు. అంత బాగా నడుస్తున్న మిల్లును ఏడాదిలో కొద్ది వారాంతాలు మాత్రమే ఎందుకు నడుపుతున్నారు?
(ఒక పాఠకుడు, కాలిఫోర్నియా)

జవాబు: ఆ మిల్లు 1924లో ఇప్పుడున్న చోటికి చేరింది. 1964 వరకు అక్కడ కలప కోసి ఆగిపోయి, చాలా ఏళ్ల తర్వాత స్వచ్ఛందంగా వచ్చిన మనుషుల శ్రమతో మళ్లీ కదిలింది. అటువంటి మిల్లును రోజూ నడపకపోవడానికి మొదటి కారణం బాయిలరే. చల్లగా ఉన్న బాయిలరు కింద ఒక్కసారిగా పెద్ద మంట వేస్తే లోపలి గొట్టాలు ముందుగా వేడెక్కి సాగుతాయి, బయటి మందపాటి రేకు మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగులాటలో గొట్టాలు బిగించిన చోట్ల నీరు కారడం మొదలవుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు ముందురోజే చిన్న మంట వేసి, బాయిలరు మొత్తం ఒకే తీరుగా వేడెక్కేదాకా ఓపిక పడతారు. పాత బాయిలరుకు నడిచిన గంటలకన్నా వేడెక్కి చల్లారిన సార్లే ఎక్కువ చేటు చేస్తాయి కాబట్టి, విడివిడిగా ఒక్కొక్క రోజు కాకుండా వారాంతంలో రెండు రోజులూ కలిపి నడపటం మంచి పద్ధతి.

రెండో కారణం మనుషులు. బాయిలరు దగ్గర మంటనూ నీటినీ చూసుకునే ఫైర్‌మన్, ఇంజిను చూసేవాడు, రంపం దగ్గర మీటలు పట్టుకునే కోతరి, దుంగను మోసే బండి మీద నిలబడి పలక మందాన్ని సరిచేసే మనిషి, కోసిన పలకను అందుకునేవాడు, అంచులు తీసేవాడు, ఇంతమంది ఒకేసారి ఉంటే తప్ప ఒక్క పలక కూడా బయటికి రాదు. రంపం మోతలో మాట వినపడదు కనుక కోతరి వేళ్లతో సైగ చేస్తాడు, బండి మీదివాడు ఆ సైగను బట్టి దుంగను రంపం వైపు అంతమేర జరుపుతాడు. ఈసారి వెళ్లినప్పుడు రంపాన్ని వదిలి ఆ చేతినే చూడమని మీ అమ్మాయితో చెప్పండి. పుస్తకంలో చదివి ఆ పని ఎవరికీ రాదు. పక్కన నిలబడి చూసినవాడికే వస్తుంది, నడిపే రోజులే ఆ చదువుకు తరగతులు.

వీలుంటే కెనడాలో, వాంకూవర్ దీవిలోని పోర్ట్ అల్బెర్నీ దగ్గర ఉన్న మెక్లీన్ మిల్లును కూడా చూడండి. ఒకే కుటుంబం 1926 నుంచి 1965 వరకు నడిపిన ఆ ఆవిరి మిల్లును 1989లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. అక్కడ యంత్రాలతోపాటు పనివాళ్ల ఇళ్లు, దుంగలు తేలే చెరువు కూడా ఉన్నచోటనే నిలిచాయి. ఒక ఇంజినును పెకలించి తెచ్చి మ్యూజియం హాలులో పెట్టడంకన్నా అదే సరైన సంరక్షణ అని నా గట్టి నమ్మకం. ఇంజిను దగ్గర మొదలై, షాఫ్టు మీదుగా, బెల్టుల మీదుగా రంపం దాకా శక్తి ఎలా చేరిందో, రాలిన పొట్టూ చెక్కముక్కలూ తిరిగి బాయిలరు పొయ్యికి వంటచెరకు ఎలా అయ్యాయో ఆ చోటు చెప్పినట్టు మరేదీ చెప్పలేదు.

ప్రశ్న: గౌరవనీయులైన అయ్యగారికి నమస్కారం. గోదావరి ఒడ్డున మా తాతగారికి కలప అడితీ, సామిల్లూ ఉండేవి. కరెంటు మోటార్లు వచ్చాక మూలపడిన ఆవిరి ఇంజిను, బాయిలరు ఇప్పటికీ షెడ్డులోనే ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి బంధువులందరూ ఊరికి వస్తున్నారు. ఆ రోజు బాయిలరు వెలిగించి ఇంజిను తిప్పి చూపించాలని మా అన్నయ్య కొడుకు పట్టుబడుతున్నాడు. తట్టి చూస్తే బాయిలరు గట్టిగానే ఉంది. వెలిగించవచ్చా?
(ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: వెలిగించవద్దు. దయచేసి మీ అన్నయ్యగారి అబ్బాయికి ఈ జవాబు మొత్తం చదివి వినిపించండి.

బాయిలరులో నీరు చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి దగ్గర దాదాపు 170 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఏదో ఒకచోట రేకు చీలి ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతే, ఆ నీటిలో సుమారు ఎనిమిదో వంతు అక్కడికక్కడే ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. షెడ్డు గోడలు దాని ముందు నిలవవు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మెడైనా కౌంటీ సంత మైదానంలో, 2001 జులై 29న ఇలాగే జరిగింది. ప్రదర్శనకు తెచ్చిన పాత కేస్ కంపెనీ ట్రాక్షన్ ఇంజిను, అంటే ఆవిరితో నడిచే ట్రాక్టరు, బాయిలరు పేలి అయిదుగురు మరణించారు. పొయ్యి పైకప్పు రేకు ఏళ్ల తరబడి తుప్పుతో పలచబడటం, ఆ రోజు దాని మీద నీటిమట్టం పడిపోవడం దానికి కారణాలు. బయటినుంచి చూసినవారికి అది ముద్దుగా రంగు వేసిన చక్కని యంత్రమే. ఆ తర్వాత చారిత్రక బాయిలర్లకు తనిఖీనీ, నడిపేవారికి లైసెన్సునూ ఆ రాష్ట్రం తప్పనిసరి చేసింది.

తట్టి చూసి గట్టిగా ఉందని రాశారు. తట్టి వినడం పాత ఇన్‌స్పెక్టర్ల విద్యే అయినా, రేకు మందం ఎంత మిగిలిందో అది చెప్పలేదు. అల్ట్రాసోనిక్ పరికరంతో జానెడు జానెడుకూ మందం కొలిపించాలి. గొట్టాలలో కొన్నింటినైనా ఊడదీసి చూడాలి. చల్లటి నీటితో నింపి, పనిచేసే ఒత్తిడికి మించిన ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో మన దేశంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం కూడా రిజిస్ట్రేషనూ, చెల్లుబాటయ్యే ధ్రువపత్రమూ లేకుండా బాయిలరును వాడటం చట్టవిరుద్ధం. బాయిలర్ల శాఖ వారిని పిలవడమంటే చాలామంది బెదురుతారు కానీ, ఈ విషయంలో మీ కుటుంబానికి అంతకు మించిన మేలు చేసేవారు ఉండరు.

నా ఉద్యోగపు తొలిరోజుల సంగతి ఒకటి చెబుతాను. డెల్టాలోని ఒక మిల్లులో నేను శిక్షణలో ఉండగా, నీటిమట్టం చూపే గాజుగొట్టంలో నీరు సగం దాకా నిశ్చలంగా కనిపిస్తుంటే నిశ్చింతగా పొయ్యిలోకి ఊక ఎగదోస్తున్నాను. వయసు మళ్లిన ఫైర్‌మన్ ఒకాయన వచ్చి, గాజు వంక చూసి, ‘బతికున్న నీరు ఊగుతుంది నాయనా, ఇది ఊగట్లేదు’ అన్నారు. కిందిమీట తిప్పి గాజులోని నీటిని వదిలేసి మళ్లీ మూశారు. గాజులోకి నీరు తిరిగి రాలేదు. బాయిలరు వైపు రంధ్రం సున్నపు పొరతో మూసుకుపోయి, నేను అంతసేపూ నమ్మినది గొట్టంలో చిక్కిపోయిన పాత నీటిని. ఆయన వెంటనే మంట లాగేయించారు, చల్లటి నీరు మాత్రం లోపలికి పోయనివ్వలేదు. ఎర్రగా కాగిన రేకు మీద నీరు పడితే ఏమవుతుందో నాకు ఆ సాయంత్రం నెమ్మదిగా వివరించారు.

సంక్రాంతి వేడుకను మానుకోమని మాత్రం అనడం లేదు. ఇంజినును కంప్రెషరు గాలితో తిప్పవచ్చు. ముందుగా దానినీ బాయిలరునూ కలిపే గొట్టాన్ని పూర్తిగా విడదీయండి, రంపానికి వెళ్లే బెల్టు తీసేయండి. సిలిండరు మూత విప్పి లోపలి తుప్పు, ఎలుకల గూళ్లు శుభ్రం చేయించి, నూనె పట్టించి, ఫ్లైవీలును చేత్తో నాలుగు చుట్లు తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని తేల్చుకోండి. పెద్ద ఇంజినుకైనా చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు కిలోల గాలి ఒత్తిడి చాలు, బరువు లేకుండా హాయిగా తిరుగుతుంది. పిల్లలను ఫ్లైవీలుకు దూరంగా, కంచె అవతల నిలబెట్టండి.

ముందుముందు నిజంగా ఆవిరితోనే నడపాలనుకుంటే, పరీక్షలో పాత బాయిలరు నిలవనప్పుడు దాని మీద మమకారం పెట్టుకోవద్దు. ధ్రువపత్రం ఉన్న కొత్త బాయిలరు తెచ్చుకుని, పాతదానిని పక్కనే చల్లగా, గౌరవంగా నిలబెట్టండి. ఇంజినులోనూ బెల్టులలోనూ బేరింగులలోనూ పాతదనాన్ని ఎంతైనా కాపాడుకోవచ్చు, ఒత్తిడి మోసే రేకులో మాత్రం పాతదనాన్ని నమ్ముకోకూడదు. ఒక్క మనవి: షెడ్డులో రంగులు వేయడం, ఇసుకతో తుప్పు రాల్చడం ఇప్పుడే మొదలుపెట్టకండి. పుల్లీల మీద సుద్దతో రాసిన అంకెలు, గోడ మీద గీసిన లెక్కలు ఉంటే వాటన్నిటికీ ముందు ఫొటోలు తీయించండి.

ప్రశ్న: పాత ఆవిరి యంత్రానికి మామూలు ఇంజిన్ ఆయిల్ పోయవచ్చా? బేరింగులు అరిగితే కొత్త బాల్ బేరింగులు బిగించవచ్చా?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: బయటి బేరింగులకు తగిన చిక్కదనం ఉన్న నూనె సరిపోతుంది కానీ, ఆవిరి తగిలే సిలిండరుకు మాత్రం సిలిండరు ఆయిల్ అని విడిగా దొరికే చిక్కటి నూనే వాడాలి. వేడి ఆవిరి మామూలు నూనెను గోడల మీద నిలవనివ్వదు. ప్రతిసారీ కదిలించే ముందు సిలిండరు అడుగున ఉండే నీటి కుళాయిలు తెరిచి ఉంచండి. పేరుకున్న నీరు అణగదు కాబట్టి పిస్టను దాన్ని గుద్దుకుని సిలిండరు మూతనే పగలగొడుతుంది.

బేరింగులు మార్చకండి. అవి మన మెకానిక్కులు వైట్ మెటల్ అనే తగరపు మిశ్రమంతో పోసినవి. ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందిన పద్ధతి అది, అరిగితే మళ్లీ పోసుకోవడానికే పుట్టింది. పాత లోహాన్ని కరిగించి తీసేసి, షాఫ్టును వేడిచేసి, కొత్తది అంటుకోకుండా దాని మీద కొవ్వొత్తి మసి పట్టిస్తారు. పక్కల సందులను బంకమన్నుతో మూసి, కరిగిన లోహాన్ని ధార తెగకుండా ఒకే ఊపున పోస్తారు. లోహం కాక సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఎండు పుల్లను ముంచుతారు. పుల్ల నల్లబడాలి, మండకూడదు. మీ జిల్లాలో ఈ పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే, ఆయన చేతి కింద ఒక కుర్రవాడిని నిలబెట్టిన తర్వాతే పోయించండి.

ప్రశ్న: అయ్యా, మా తాతగారు శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి, ఛాతం సామిల్లులో రంపాలు సరిచేసే పనిలో చేరారు. చదునుగా ఉన్న రంపాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టేవాళ్లమని చెబుతారు. చదునుగా ఉన్నదాన్ని కొట్టడమెందుకు? ఆయన సుత్తి పిడి బాగా అరిగిపోయింది, కొత్తది వేయించాలనుకుంటున్నాను.
(ఒక పాఠకుడు, పోర్ట్ బ్లెయిర్)

జవాబు: సామిల్లు పనులన్నిటిలో సూక్ష్మమైన పని మీ తాతగారిది. నాలుగున్నర అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి రంపం నిమిషానికి 600 చుట్లు తిరిగితే దాని పళ్లు గంటకు 155 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. ఆ వేగానికి రంపపు అంచు బయటికి లాగబడి సాగుతుంది, కోతలో పుట్టే వేడికి మరికాస్త సాగుతుంది. నిలిచి ఉన్నప్పుడు పూర్తిగా చదునుగా ఉన్న రేకు అయితే, తిరిగేటప్పుడు అంచు వదులై అలలుగా ఊగుతుంది, దుంగలో కోత వంకర పోతుంది. అందుకని నడిమి భాగాన్ని సుత్తితో కొట్టి ముందే కొద్దిగా సాగదీస్తారు. నిలిచి ఉన్నప్పుడు ఆ రంపం నడుమ వదులుగా, కాస్త డొప్పతేలినట్టు ఉంటుంది. వేగం అందుకోగానే అంచు సాగి నడిమి భాగంతో సరిపోయి, రేకు నిటారుగా బిగుసుకుంటుంది. ఎక్కడ, ఎంత బలంగా కొట్టాలో సూటి ఇనుప బద్ద ఆనించి, వెలుతురు దూరే సందును చూసి నిర్ణయిస్తారు. పట్టీ రంపాలకు కూడా ఇటువంటి సుత్తి పనే ఉంది.

ఒక వేగానికి కొట్టిన రంపం ఇంకో వేగంలో సరిగా నిలవదు. పాత మిల్లును జాగ్రత్త కోసం నెమ్మదిగా నడపాలనుకునేవారు ఈ సంగతి మరిచి, రంపం చెడిపోయిందనుకుని పారవేస్తుంటారు. మీ తాతగారి వంటివారు ఒక్కరున్నా ఆ రంపం దక్కుతుంది.

ఛాతం మిల్లు 1883లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబు గుంట ఇప్పటికీ ఆ ఆవరణలో కనిపిస్తుంది. అక్కడ పేరుపడిన అండమాన్ పడౌక్ అనే కలప చెట్టు మన శేషాచలం ఎర్రచందనానికి ఒకే ప్రజాతికి చెందిన చుట్టం. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత ఆ దీవుల్లో చెట్ల నరికివేత బాగా తగ్గింది కాబట్టి, ఆ పని తెలిసిన చేతులు కూడా తగ్గుతూ వస్తాయి. ఈ నెలలోనే ఒక మధ్యాహ్నం మీ తాతగారిని కూర్చోబెట్టి, పనికిరాని పాత రంపం ఒకటి సంపాదించి ముందు పెట్టి, ఆయన కొడుతుండగా వీడియో తీయండి. ఏ దెబ్బ ఎందుకు కొట్టారో ఆయన నోటితోనే చెప్పించండి. సుత్తి పిడిని మాత్రం మార్చకండి. ఆయన బొటనవేలు ఎక్కడ ఆనేదో, పట్టు ఎంత వెనక ఉండేదో ఆ అరుగుదలలో ఉంది. నేర్చుకోదలచినవాడు ముందు అక్కడే వేలు పెట్టి చూడాలి.