ఎప్పుడొచ్చినారు, ఎప్పుడు పోతారు?

ప్రశ్న: అక్కా, మాది అనంతపురమే. పన్నెండేళ్లుగా టొరంటోలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఇద్దరికీ కెనడా పాస్‌పోర్టు వచ్చింది. కిందటి జనవరిలో ఇంటి మెట్ల మీద మంచుకు జారి మా ఆయన మణికట్టు విరిగింది. ఇక చలికాలమంతా అనంతపురంలోనే ఉందాం అంటున్నారు. రామ్‌నగర్‌లో పాత ఇల్లు తాళం వేసి ఉంది. మీరు ఏటా అలాగే వచ్చి పోతుంటారట కదా. ఏం బాగుంటుంది, ఏం బాగుండదు? దాచకుండా చెప్పండి.
– ఒక పాఠకురాలు, టొరంటో

జవాబు: చెల్లెమ్మా, మేమూ మంచుకు భయపడే మొదలుపెట్టాం. ఆరేళ్లయింది. నవంబరు మొదటి వారంలో వస్తాం, శివరాత్రి దాటాక పోతాం. మీ ఆయన చెయ్యి సంగతి చదవగానే మా ఆయన ఉప్పు బకెట్ గుర్తొచ్చింది. పొద్దున లేవగానే లుంగీ మీద పెద్ద కోటు తగిలించుకుని మంచు కరగడానికి వాకిట్లో ఉప్పు చల్లేవారు, కళ్లాపి చల్లినట్టు.

నాకు అన్నిటికన్నా నచ్చేది, బయటికి పోవాలంటే తయారు కానక్కర్లేకపోవడం. అక్కడ పాలకు పోవాలన్నా బూట్లు, కోటు, గ్లోవ్స్, టోపీ. ఇక్కడ చెప్పుల్లో కాళ్లు దూర్చితే సరి. జనవరిలో కూడా పగలు 30 డిగ్రీల దాకా ఉంటుంది, వాన పెద్దగా ఉండదు. మోకాళ్ల నొప్పి పోయిందని అబద్ధం చెప్పను. నొప్పితోనే రోజూ టవర్ క్లాక్ దాకా నడిచి వస్తున్నా, అంతే తేడా.

ఇంకోటి, అనపకాయలు. సంక్రాంతి ముందు రోజుల్లో వాకిట్లో చాట పెట్టుకుని కూర్చుంటే ఎదురింటామె పిలవకుండానే వచ్చి ఒక గుప్పెడు ముందుకు లాక్కుంటుంది. రాత్రి నానేసిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగులుతుంది, పప్పు ఎగిరి ఎవరి ఒళ్లోనో పడుతుంది. గంట కూర్చున్నా సగం గిన్నె నిండదు. ఆ గంటలో వీధిలో ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరి బోరు ఎండిందో అన్నీ తెలిసిపోతాయి. ఆ పితుకుపప్పు పులుసు, సంగటి ముద్ద తిన్న రోజు మా ఆయన టొరంటో మాటే ఎత్తరు.

ఇక నచ్చనివి. మొదటిది చలే. నవ్వకండి. టొరంటోలో చలి బయట ఉంటుంది, ఇంట్లో హీటర్ ఉంటుంది. ఇక్కడ పొద్దున 17, 18 డిగ్రీలే అయినా అది ఇంట్లోనే ఉంటుంది. తాడిపత్రి బండల నేల మీద కాలు పెడితే ఒళ్లు జివ్వుమంటుంది. సాక్సులు తెచ్చుకోండి. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుడి మైకు మొదలవుతుంది. మొదటి ఏడాది కళ్లు మూసుకుని దణ్ణం పెట్టా, రెండో ఏడాది చెవుల్లో దూది పెట్టా. దోమల సంగతి మీకు తెలియంది కాదు.

అసలు తలనొప్పి మూసిన ఇల్లు. మొదటి వారమంతా దానికే పోతుంది. మోటారు బిగుసుకుపోయి ఉంటుంది, ట్యాంకులో అడుగున బురద, బీరువా వెనక చెదలు. అక్టోబరులోనే ఎవరితోనైనా తాళం తీయించి, ట్యాంకు కడిగించి పెట్టుకోండి.

సిమ్ సంగతి మాత్రం అస్సలు మరిచిపోవద్దు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా, రీచార్జ్ చేయకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని తీసేసి తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. నాకు అదే జరిగింది. బ్యాంకులో ఏది అడిగినా "ఓటీపీ పంపాం మేడమ్" అంటారు. ఓటీపీ పోయేది నా పాత నంబరుకు. ఉండబట్టలేక నా నంబరుకు నేనే ఫోన్ చేశా. ఎవరో పిల్లవాడు ఎత్తాడు. సంగతి చెప్పి, కాస్త ఆ నంబరు చదువు నాయనా అంటే, "ఓటీపీ ఎవురికీ చెప్పకూడదంట కదక్కా" అని పెట్టేశాడు. వాడి తప్పు లేదు. బ్యాంకుకు మూడుసార్లు తిరిగాక గానీ కొత్త నంబరు ఎక్కలేదు. ఇప్పుడు అక్కడి నుంచే రీచార్జ్ చేస్తుంటా.

మీకు ఓసీఐ కార్డు, అదే వేరే దేశం పౌరులైన మన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉంటే వీసా గొడవ లేదు. కానీ చుట్టాలు తప్పకుండా "ఒక చీనీతోట కొనిపెట్టుకో వదినా" అంటారు, బత్తాయి తోట అన్నమాట. ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనడానికి లేదు. ఈ మాట చెప్తే డబ్బు తీయడం ఇష్టం లేక అంటున్నామనుకుంటారు. అనుకోనీండి.

అన్నిటికన్నా నన్ను గుచ్చేది ఒక చిన్న మాట. కూరగాయలామె దగ్గర్నుంచి మేనత్త దాకా అందరూ ఒకే గుక్కలో అడుగుతారు, "ఎప్పుడొచ్చినారు, ఎప్పుడు పోతారు?" ప్రేమగానే అడుగుతారు. అయినా మా వీధిలో, మా ఇంటి ముందు నిలబడి తిరుగు తేదీ చెప్తుంటే లాడ్జిలో దిగినట్టుంటుంది. రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. మనవడూ అదే అడుగుతాడు, "ఎప్పుడొస్తావ్ నానమ్మా" అని. దీనికి మందు నా దగ్గర లేదు.

రండి. దిగడం మాత్రం బెంగళూరులో దిగండి. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన, మన హైవే పక్కనే ఉంది కాబట్టి బెంగళూరు ట్రాఫిక్ తగలకుండా నేరుగా ఇటు తిరగొచ్చు. పెనుకొండ కొండ కనపడేసరికి మీ ఆయన చెయ్యి నొప్పి సగం మరిచిపోతారు.

ప్రశ్న: మా నాన్నకు కెనడా పీఆర్ (శాశ్వత నివాస) కార్డు ఉంది, అన్న దగ్గర బ్రాంప్టన్‌లో ఉంటారు. చలికాలం కడపలో నా దగ్గర ఉంటే కార్డుకు ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఏమీ కాదు నాయనా. పీఆర్ వాళ్లు ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి, అవి వరుసగా ఉండాలని లేదు. అక్కడి హెల్త్ కార్డుకు లెక్క వేరు. ఏ 12 నెలలు తీసుకున్నా 153 రోజులు ఒంటారియోలో, అంటే బ్రాంప్టన్ ఉన్న రాష్ట్రంలో, ఉండాలి. నవంబరు నుంచి మార్చి దాకా అయితే రెండిటికీ ఇబ్బంది లేదు. ఆ హెల్త్ కార్డు మాత్రం కడప ఆస్పత్రిలో దాదాపు అక్కరకు రాదు, బయల్దేరే ముందే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీయించండి. బీపీ, షుగర్ ఉన్నాయని అందులో నిజం రాయించండి. రిటర్న్ టికెట్ తేదీ మార్చుకునే రకం తీసుకోండి. మా ఆయన ఏటా ఒకసారైనా మారుస్తారు.