రేడియేషన్, సిస్‌ప్లాటిన్ మధ్యలో తెల్లకణాలు 2400కి పడిపోతే ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది: అమ్మగారికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 3బి దశ. 25 రేడియేషన్లు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ (కీమో మందు) రాశారు. మూడో వారం రిపోర్టులో తెల్లకణాలు 2400 వచ్చాయి. ఇమ్యూనిటీ పెరగడానికి ఏమివ్వాలి? ఏమివ్వాలో తర్వాత చెబుతాను. అంతకంటే ముందు ఆ రిపోర్టును సరిగ్గా చదవాలి.

మొత్తం అంకెను చూసి భయపడకండి. దాని కింద ఉండే డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో) చూడండి. న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్స్ 12 శాతం ఉన్నాయనుకుందాం. 2400లో 72 శాతం అంటే 1728 న్యూట్రోఫిల్స్, 12 శాతం అంటే 288 లింఫోసైట్స్. బ్యాక్టీరియాతో మొదట పోరాడేవి న్యూట్రోఫిల్స్, వైరస్‌లు, క్షయ లాంటివాటిని అదుపులో పెట్టేవి లింఫోసైట్స్. న్యూట్రోఫిల్స్ 1500 పైన ఉంటే కంగారు లేదు. 1000 కిందికి దిగితే జాగ్రత్త పెంచాలి, 500 కిందికి పోతే ప్రమాదం. సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి చాలా కేంద్రాలు 1000–1500 మధ్య ఎక్కడో గీత పెట్టుకుంటాయి. ప్లేట్‌లెట్స్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) కూడా చూసే ఇస్తారు. కౌంట్ తక్కువైతే ఆ వారం సిస్‌ప్లాటిన్ ఆపుతారు, రేడియేషన్ మాత్రం మామూలుగా నడుపుతారు. ఇక్కడే చాలా కుటుంబాలు తప్పు చేస్తాయి. కౌంట్ తగ్గిందని ఊరెళ్లి, కోలుకున్నాక వద్దామనుకుంటాయి. లోపల పెట్టే రేడియేషన్ (బ్రాకీథెరపీ)తో కలిపి మొత్తం చికిత్స 8 వారాల్లో పూర్తి కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకండి.

పరీక్షకు రక్తం కీమోకి ముందురోజు ఇప్పించండి, కీమో మర్నాడు వద్దు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ వల్ల ఒకట్రెండు రోజులు న్యూట్రోఫిల్స్ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ అంకెను నమ్మితే మోసపోతాం.

కౌంట్ ఎందుకు పడుతుందంటే, పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే మూలుగులో దాదాపు సగం కటి ఎముకల్లో, నడుము వెన్నెముకలో ఉంటుంది. రేడియేషన్ పడేది సరిగ్గా అక్కడే. మిగతాచోట్ల ఉన్న మూలుగును సిస్‌ప్లాటిన్ అణచివేస్తుంది. లింఫోసైట్స్ అయితే మరీ సున్నితం. రేడియేషన్ పడే చోటు నుంచి రక్తంలో సాగిపోతూనే దెబ్బతింటాయి. అందుకే అవి మొదటి రెండు మూడు వారాల్లోనే పడిపోతాయి. చికిత్స అయిపోయాక న్యూట్రోఫిల్స్ సాధారణంగా కొన్ని వారాల్లో లేచి వస్తాయి. లింఫోసైట్స్‌కి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటినా పూర్తిగా కోలుకోవు. కాబట్టి చికిత్స నడిచేటప్పుడు బ్యాక్టీరియా గురించి, ఆ తర్వాత ఏడాది పాటు సర్పి, క్షయ లాంటివాటి గురించి కనిపెట్టుకుని ఉండాలి.

ఇంట్లో తప్పనిసరిగా ఉండాల్సింది ఒక డిజిటల్ థర్మామీటర్. రోజూ సాయంత్రం, ఒళ్లు వెచ్చగా అనిపించినా, చలి పుట్టినా నాలుక కింద పెట్టి చూడండి. కాఫీ తాగి ఉంటే పావుగంట ఆగండి. చంకలో పెడితే దాదాపు ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంది, అక్కడ 99.5 వచ్చినా నోట్లో మళ్లీ చూడాలి. నోట్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ వస్తే పగలైనా రాత్రైనా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. న్యూట్రోఫిల్స్ బాగా తక్కువగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరానికి, ఆసుపత్రి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. అలాంటివాళ్లకు చీము అంతగా పట్టదు, వాపు ఎర్రగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే చీమును చేసేవే ఆ కణాలు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. అందుకే ముందు కొలవకుండా పారాసిటమాల్ వేయకూడదు. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోపల పాకిపోతూనే ఉంటుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అసలే వద్దు, సిస్‌ప్లాటిన్‌తో కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మాత్రలు కూడా వద్దు.

ఈ జబ్బులో జ్వరం ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే డాక్టరుకు సరిగ్గా చెప్పగలరు. 3బి అంటే కణితి కటి గోడ దాకా పాకి ఉంటుంది, లేదా మూత్రనాళాన్ని నొక్కేసి కిడ్నీ ఉబ్బి ఉంటుంది. ఆగిపోయిన ఆ మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే వణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తాయి. మూత్రనాళంలో స్టెంటో (సన్న గొట్టం), వీపు నుంచి గొట్టమో వేసి మూత్రం బయటికి తీయకపోతే ఉత్త యాంటీబయాటిక్‌తో అది లొంగదు. రెండోది, కణితి దారి మూసేయడంతో గర్భాశయంలో చీము చేరడం. పొత్తికడుపు నొప్పి, వాసనతో స్రావం ఉంటే స్కాన్ చేయాలి. బ్రాకీథెరపీ అయిన మర్నాడు జ్వరమొస్తే దీన్నే ముందు అనుమానించాలి. మూడోది పేగు. రేడియేషన్‌కి పేగు లోపలి పొర పుండుపడి విరేచనాలు మొదలవుతాయి, బ్యాక్టీరియా అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. ఓఆర్ఎస్ ఆపకండి. నీళ్లు తగ్గితే సిస్‌ప్లాటిన్ కిడ్నీని ఇంకా కుంగదీస్తుంది.

కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఎందుకు వేయలేదని అడుగుతారేమో. ఫిల్‌గ్రాస్టిమ్ లాంటివి రేడియేషన్, కీమో కలిసి నడిచేటప్పుడు మామూలుగా వాడరు. అది మూలుగును తొందరపెట్టి కణాలను విభజిస్తుంది, విభజిస్తున్న కణాలనే ఈ చికిత్స చంపుతుంది. వేయాలా వద్దా అన్నది మీ ఆంకాలజిస్టు నిర్ణయం. మందుల షాపులో కొనుక్కుని వేయించకండి.

ఇక ఏమివ్వాలి అంటే మాంసకృత్తులు. కిలో బరువుకు రోజుకు 1.2–1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 60–75 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. బాగా ఉడికిన గుడ్లు, పప్పు, చేప, చికెన్, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఇవ్వండి. విరేచనాలుంటే పాలు, పచ్చికూరలు, కారం తగ్గించండి. బయట కోసి పెట్టిన పండ్లు, పానీపూరీ, బండి మీద చట్నీ వద్దు. తిప్పతీగ, అశ్వగంధ, బొప్పాయి ఆకు రసం వద్దు. తిప్పతీగ, అశ్వగంధలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, కాలేయ పరీక్షలు తేడా వస్తే కీమోనే ఆగిపోతుంది. ప్రేమతో ఇచ్చిందే చికిత్సకు అడ్డం పడటం చాలా బాధాకరం.

హెచ్ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు చేశారా చూడండి. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు దాదాపు ఆరు రెట్లు. ఉంటే ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మందులు ఒక్కపూట కూడా ఆపకూడదు. చికిత్సలో సీడీ4 (హెచ్ఐవీ దెబ్బతీసే లింఫోసైట్స్) సంఖ్య పడుతుంది, బాగా తగ్గితే ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. చికిత్స తర్వాత రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించండి. నడుముకో పక్క మంటతో నీటిపొక్కుల వరుస వస్తే అది సర్పి. 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి. ఇన్‌ఫ్లుయెంజా సూది వేయించవచ్చు, ఎప్పుడన్నది డాక్టరును అడగండి. చికెన్‌పాక్స్ లాంటి బతికున్న క్రిమితో చేసే టీకాలు ఇప్పుడు వేయకూడదు.

ఎవరైనా పెంబ్రోలిజుమాబ్ (ఇమ్యునోథెరపీ మందు) ఊసెత్తితే, దాని దారి వేరని గుర్తుంచుకోండి. అది రోగనిరోధక శక్తిని అణచదు, కట్లు విప్పి వదులుతుంది. అప్పుడు విరేచనాలు, ఆయాసం వస్తే శరీరం తనమీద తానే దాడి చేస్తోందేమో చూడాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మింగి ఊరుకోకూడదు.

ఈ రాత్రికే ఒక చీటీ మీద జబ్బు పేరు, చివరి సిస్‌ప్లాటిన్ తేదీ, చివరి న్యూట్రోఫిల్స్ అంకె, ఆంకాలజీ వార్డు నంబరు రాసి అమ్మగారి సంచిలో పెట్టండి. ఊళ్లో అర్ధరాత్రి దగ్గరి ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే డ్యూటీ డాక్టరుకు ముందు ఆ చీటీ చూపించండి. వచ్చే వారం రిపోర్టులో టోటల్‌తో పాటు న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ శాతాలు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, క్రియాటినిన్ కూడా ఇక్కడ రాయండి.