కత్తెర వేసే ముందు నాకు ఫోన్ చెయ్యి

అమ్మడూ,

అక్కడే ఒక టైలర్‌ని చూసుకున్నావనీ, అమ్మమ్మ ఉప్పాడ చీరతో అనార్కలీ కుట్టించుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. ఆన్‌లైన్‌లో కొనేసుకోకుండా ఊళ్ళో మనిషికి కొలతలిచ్చి కుట్టించుకుంటున్నందుకు ఎంత గర్వంగా ఉందో! కానీ అమ్మమ్మ చీర అనేసరికి రాత్రి నిద్ర పట్టలేదు.

పోర్ట్ బ్లెయిర్ నాకు తెలియని ఊరేం కాదు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చినా నా నోటికి పాత పేరే వస్తుంది. మీ పెదనాన్న ఉద్యోగానికని అక్కడ మూడేళ్ళున్నాం. కాటన్ బట్టయితే లైనింగ్‌తో సహా తడిపి, ఆరేశాకే ఇవ్వు. ఆది జాకెట్టు ఇచ్చినా కొలతలు మళ్ళీ తీయించుకో. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమను. ఆ ఉప్పుగాలికి హుక్కులు తుప్పు పట్టి మరకలవుతాయి, మన బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో చూశావుగా, మంచివి నువ్వే కొనివ్వు. మన విశాఖలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ దాదాపు 3000, బీరువాలో పెట్టి మరిచిపోతే బూజు పట్టేస్తుంది.

ఇక అసలు సంగతి. మా అమ్మకి మంచి చీరలు రెండే. ఒకటి మీ అమ్మకి, ఒకటి నాకు. నా చీర లోపలి కుచ్చిళ్ళ దగ్గర చిరిగితే, ఆ భాగం వరకు కోసి మీ అక్కకి గౌను కుట్టిద్దామని అబర్డీన్ బజార్ దగ్గర ఒకాయనకి ఇచ్చాను. జరీ కొంగు మాత్రం దాచుకోవాలి, అది అమ్మ నెత్తిమీద కప్పుకుని సింహాచలం మెట్లెక్కిన కొంగు. నాకప్పుడు హిందీ సరిగా రాదు, చేత్తో చూపించాను, ఆయన తలూపాడు. ఓడలో వైజాగ్ రావాలన్న టెన్షన్‌లో, ఆయన కత్తెర వేసేదాకా నిలబడకుండా వచ్చేశాను. సాయంత్రం వెళ్తే గౌను సిద్ధంగా ఉంది, గేరంతా అమ్మ కొంగే. అందమైన భాగం పాపకి రావాలని ఆయన అనుకున్నాడు, ఎంత మురిసిపోతూ చూపించాడో, ఆ మనిషిని ఏమంటాను? డబ్బులిచ్చి వచ్చి, ఓడ ఎక్కాక ఏడ్చాను, రెండున్నర రోజుల ప్రయాణమంతా. మీ అక్క దాన్ని రెండుసార్లు వేసుకుంది, ఆపైన పట్టలేదు.

ఇప్పుడు మిగిలింది నీ దగ్గరున్న చీర ఒక్కటే. పెద్దమ్మ చాదస్తం అనుకుంటే అనుకో, ముందు చవక పాప్లిన్‌తో అదే అనార్కలీ కుట్టించు, వేసుకుని చేతులెత్తి చూడు, కింద కూర్చుని చూడు. అది బాగుంటేనే చీర ఇవ్వు. కొంగు మొదలయ్యే చోట ఎర్ర దారంతో అడ్డంగా పొడుగు కుట్లు వెయ్యి, అది దాటొద్దని నోటితో చెప్పు, ఆయన చేత తిరిగి చెప్పించు. సెలవు రోజే వెళ్ళు, కోస్తున్నంతసేపూ పక్కనే ఉండు.

కత్తెర వేసే ముందు వీడియో కాల్ చెయ్యి బంగారూ. ఏమీ మాట్లాడను, ఒక్కసారి ఆ కొంగు నిండుగా విప్పి చూపించు చాలు.

మీ పెద్దమ్మ