"దేవుని చిత్తమైతే": ఆ 'అయితే'లో అనుమానం ఉందా?

సందేహం: మా అబ్బాయి పెళ్ళి శుభలేఖలో "దేవుని చిత్తమైతే ఫలానా తేదీన వివాహము జరుగును" అని రాయించాం. కాబోయే వియ్యంకుడు గారు ఆ ప్రతి చూసి, "చిత్తమైతే ఏమిటండీ? కాకపోతే పెళ్ళి ఆపేస్తారా? శుభమా అని పిలుస్తూ ఆ మాట ఎందుకు?" అన్నారు. తెలుగు చదువుకున్న మా అన్నయ్యేమో, చిత్తమంటే మనసు కాబట్టి "దేవుని సంకల్పం" అనడమే సరైనదంటున్నాడు. ఇంకొక సంగతి. మా సంఘంలో స్త్రీల కూడికలో 'ప్రావిడెన్స్' (దేవుడు అన్నిటినీ ముందుగా చూచి నడిపించడం) అనే అంశం మీద నేను మాట్లాడాలి. తెలుగులో దాన్ని విధి అనవచ్చా? దైవాధీనం అనవచ్చా?
ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: శుభలేఖ అచ్చుకు వెళ్ళాలి కనుక ముందు 'అయితే' సంగతి చూద్దాం.

"రేపు వర్షమైతే రాను" అన్నప్పుడు 'అయితే' షరతు. వర్షం రావచ్చు, రాకపోవచ్చు. "మీకు వీలైతే ఒకసారి మా ఇంటికి రండి" అన్నప్పుడు అది షరతు కాదు, మర్యాద. నిర్ణయం మీ చేతిలో ఉందని, మిమ్మల్ని బలవంతపెట్టే అధికారం నాకు లేదని ఒప్పుకుంటున్నాను. రండి అనే పిలుపులో మాత్రం లోటేమీ లేదు. "దేవుని చిత్తమైతే" ఈ రెండో కోవకు చెందిన మాట.

మత్తయి సువార్త 8వ అధ్యాయంలో కుష్ఠరోగి అన్న మాట గుర్తు చేసుకోండి. "ప్రభువా, నీకిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు." వాక్యం చివర ఉన్నది 'చేయగలవు' అనే క్రియ. యేసు శక్తి మీద అతనికి అణువంత అనుమానం లేదు. 'ఇష్టమైతే' అన్నది ఆ ఇష్టాన్ని తాను శాసించలేనని తెలిసి. వెంటనే వచ్చిన జవాబు "నాకిష్టమే". తెలుగులో ఒక 'అయితే'కు ఇంతకన్న చల్లని జవాబు దొరకడం నేను చూడలేదు.

శుభలేఖల్లోకి ఈ మాట వచ్చింది బైబిల్లోని యాకోబు పత్రిక (అంటే లేఖ) 4వ అధ్యాయం నుంచి. ఫలానా పట్టణానికి వెళదాం, ఏడాది ఉందాం, వ్యాపారం చేద్దాం, లాభం గడిద్దాం అని లెక్కలు వేసుకునే వాళ్ళతో యాకోబు "రేపేమి సంభవించునో మీకు తెలియదు" అంటాడు. మన మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర కోసం నెలల తరబడి ఎదురుచూసే వారికి ఈ వాక్యం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వ్యాపారం మానమని యాకోబు అనలేదు. "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని చెప్పుకొనవలెను" అన్నాడు. పని పక్కనే బ్రతుకును కూడా ఆ 'అయితే' కిందికి తెచ్చాడు. 'చెప్పుకొనవలెను' అన్న క్రియనూ గమనించండి. ఆ మాట మొదట వినవలసింది మనమే. శుభలేఖ మీద అది అతిథుల కోసం మాత్రమే కాదు, పెళ్ళివారి కోసం కూడా.

వియ్యంకుడు గారి బాధను నేను తేలికగా తీసుకోను. మంచి పని మొదలుపెట్టేటప్పుడు అడ్డుమాట రాకూడదన్నది తెలుగు ఇళ్ళలో పాతుకుపోయిన పట్టింపు. అన్ని మతాల బంధువులకూ వెళ్ళే కార్డు అది. ఆయన మనసు కుదుటపడకపోతే "దేవుని కృపనుబట్టి" అని వేయించండి, దోషం లేదు. "దేవుని చిత్తానుసారముగా" అని మాత్రం పెళ్ళికి ముందు వేయించవద్దు. చిత్తమైతే అన్నది విన్నపం, చిత్తానుసారముగా అన్నది నివేదిక. జరిగిన తరువాత కృతజ్ఞతా కూడికలో ఆ మాట చెప్పుకోవచ్చు. జరగకముందే అనడమంటే, వెదకవలసిన చిత్తాన్ని చేతిలో పట్టుకున్నామని చెప్పినట్టు అవుతుంది.

ఇక మీ అన్నయ్యగారి మాట. చిత్తమంటే సంస్కృతంలో మనసే. చిత్తశుద్ధి, చిత్తచాంచల్యం, "చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద" అన్నప్పుడు మనకూ అదే అర్థం. కానీ తెలుగువాళ్ళు ఆ మాటను అక్కడే ఉంచలేదు. దొరల కచేరీలోకి తీసుకువెళ్ళారు. పెద్దవారు ఆజ్ఞ ఇస్తే చేతులు కట్టుకుని నిలబడినవాడు "చిత్తం" అనేవాడు. "తమ చిత్తం, మా భాగ్యం" అనేవాడు. విన్నపాల చివర "చిత్తగించవలెను" అని రాసేవారు. మామూలు మనిషి మనసులో ఉన్నది కోరిక. ప్రభువు మనసులో ఉన్నది జరిగి తీరే కోరిక, అందుకే అది 'చిత్తం'. ఈ అర్థం తెలుగు నేల మీద పెరిగింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో కన్నుమూశారు. మరో రెండేళ్ళకు, 1818లో, బెంగాలులోని శ్రీరాంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. 'చిత్తం' అన్న జవాబు ఇంకా దివాణాల్లో వినిపిస్తున్న రోజులవి. ఆ మాట విన్నవారికి "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక" అన్న ప్రార్థనకు అర్థం చెప్పవలసిన అవసరం ఉండదు. గుణదల కొండ దగ్గర కథోలికులు అదే ప్రార్థనలో "మీ చిత్తము" అంటారు, గుంటూరు లూథరన్ గుడిలో "నీ చిత్తము" అంటారు. నీ, మీ మారాయి గాని చిత్తం మారలేదు.

ఈ మాటను మన బైబిలు అనువాదకులు ఎంత జాగ్రత్తగా వాడారో చూపే చోటు ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన చోటు. పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థన లూకా సువార్తలో "నా యిష్టముకాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అని ఉంటుంది. గ్రీకు మూలంలో ఇష్టానికొక మాట, చిత్తానికొక మాట లేవు. 'థెలేమా' అనే ఒక్క మాటే ఇద్దరికీ వర్తిస్తుంది: నాది కాదు, నీది. తెలుగు అనువాదకులు దాన్ని రెండుగా విడదీశారు. యోహాను 6వ అధ్యాయంలోనూ అంతే. "నా యిష్టమును నెరవేర్చుకొనుటకు నేను రాలేదు, నన్ను పంపిన వాని చిత్తము నెరవేర్చుటకే." ప్రభువు ఎదుట నిలబడినవాడు "నా చిత్తం" అనడు, అది తెలుగు మర్యాద కాదు. కుమారుడు తండ్రి ఎదుట తనను ఎంతగా తగ్గించుకున్నాడో మూలంలో వాక్యం మొత్తం చదివితే తెలుస్తుంది, తెలుగులో ఆ రెండు మాటల మధ్యనే వినిపిస్తుంది. ఇక్కడ 'సంకల్పం' వేసి చదవమనండి మీ అన్నయ్యగారిని. అర్థం చెడదు గాని ఆ వినయం పోతుంది.

సంకల్పం తప్పు మాట కాదు, వేరే మాట. ముందుగా తీర్మానించుకుని, దాని కోసం పని సాగించడం సంకల్పం. పూజకు కూర్చున్నవారు చెప్పుకునే సంకల్పమూ ఈ అర్థంలోనిదే. రోమా 8:28లో "ఆయన సంకల్పముచొప్పున పిలువబడినవారికి" సమస్తమూ "సమకూడి జరుగుచున్నవి" అన్నప్పుడు ఆ మాట చక్కగా అమరింది. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయంలో "చిత్తప్రకారమైన దయాసంకల్పము" అని రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకటి ఉంటే రెండోది ఎందుకనే ప్రశ్న అక్కడే తీరిపోతుంది.

మీ చివరి ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

విధి అనవద్దు. "విధి బలీయం" అంటాం, "విధి వెక్కిరించింది" అంటాం. మన వాడుకలో విధికి చెవులు లేవు, దానికి మొర పెట్టుకోలేం. తలరాత అయితే రాయడం కూడా ఎప్పుడో అయిపోయింది. దైవాధీనం ఇంకొంచెం దగ్గరి మాటే గాని వాడుకలో దాని మీద ఒక నీడ పడింది. డాక్టరు "ఇక దైవాధీనం" అన్నాడంటే ఆ ఇంట్లో ఏడుపు మొదలవుతుంది. 'దైవవశాత్తు' చాలామంది నోట 'అనుకోకుండా' అన్న అర్థంలోనే వస్తుంది. మీరు మాట్లాడబోయేది అనుకోకుండా జరిగేదాని గురించి కాదు కదా.

ప్రావిడెన్స్ అన్నది లాటిన్ నుంచి వచ్చిన మాట. దాని లోపల 'ముందు', 'చూచు' అనే రెండు ముక్కలున్నాయి. బైబిల్లో ఆ భావానికి ఆయువుపట్టు ఆదికాండము 22వ అధ్యాయం. "నిప్పును కట్టెలును ఉన్నవి గాని దహనబలికి గొఱ్ఱెపిల్ల ఏది" అని బలి ఇచ్చే చోటికి వెళుతూ ఇస్సాకు తండ్రిని అడిగితే, దేవుడే "చూచుకొనును" అంటాడు అబ్రాహాము. తరువాత ఆ చోటికి పెట్టిన పేరే 'యెహోవా యీరే'. అందులోని 'యీరే' అన్న హెబ్రీ మాట పుట్టింది 'చూచు' అనే ధాతువు నుంచి. ఇంగ్లీషు అనువాదాల్లో చాలావరకు 'సమకూర్చును' అనే అర్థం పైకి తేలి, చూపు మరుగున పడింది. తెలుగు మాత్రం చూపును పోగొట్టుకోలేదు. చూచుకొను అంటే చూడడమూ అవును, బాధ్యత తీసుకోవడమూ అవును. "మా అమ్మాయిని మా అత్తగారు చూసుకుంటారు" అన్నప్పుడు ఆవిడ కూర్చుని పిల్లవంక చూస్తుందనా అర్థం? తినిపిస్తుంది, నిద్రపుచ్చుతుంది, పడితే లేపుతుంది. చివరన చేరిన 'కొను' ఆ పనిని చేసేవారి సొంతం చేస్తుంది. దేవుడు చూచును అంటే ఆయనకు తెలుసునని. చూచుకొనును అంటే అది ఆయన తన పనిగా పెట్టుకున్నాడని.

ఒకసారి ఆసుపత్రి వార్డులో మా బంధువు పక్క మంచం దగ్గర ఒక తల్లిని చూశాను. జ్వరంతో కాలిపోతున్న బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. ఆరగానే తీసి, ముంచి, పిండి, మళ్ళీ వేస్తోంది. ఎలా ఉందమ్మా అని అడిగితే "దేవుడు చూసుకుంటాడండీ" అంది. చెయ్యి ఆగలేదు, చూపు సెలైన్ చుక్కల మీదనుంచి కదలలేదు. దేవుడు చూసుకుంటాడన్న మాటను చేతులు ముడుచుకోవడానికి వాడేవారు ఎదురైనప్పుడల్లా నాకు ఆ తడిగుడ్డ గుర్తుకొస్తుంది.

ఆయన చూచుకొంటే మనం చేయవలసిన దానికీ తెలుగులో చూపు ఉన్న మాటే ఉంది: కనిపెట్టుకొను. ఇప్పటి పిల్లలకు కనిపెట్టడమంటే కొత్త యంత్రం తయారుచేయడం. మా నాయనమ్మకు అలా కాదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మబ్బు కమ్మితే, "వానొచ్చేలా ఉంది, కల్లం కనిపెట్టుకుని ఉండు" అని నన్ను అక్కడ కూర్చోబెట్టేది. పట్టా పక్కనే మడత పెట్టి ఉండేది. ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను కాయల మీద. నిద్రపోకూడదు, అలాగని గంటకోసారి ఊరికే పట్టా కప్పి తీయనూ కూడదు. రాత్రి గుడిలో జరిగే కనిపెట్టు ప్రార్థనకు వెళుతూ ఆమె అదే మాట అనేది, "ప్రభువు సన్నిధిలో కనిపెట్టుకుని ఉండాలిరా" అని. "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అన్న 27వ కీర్తన మాట నాకు వ్యాఖ్యానాల కంటే ముందు ఆ కల్లంలోనే అర్థమైంది.

కాబట్టి "దేవుని చిత్తం కనిపెట్టాలి" అని మీరు కూడికలో అంటే చిన్న వయసువాళ్ళు దాన్ని దొంగను పట్టుకోవడంలా, దాచిపెట్టిన చీటీని వెదికి తీయడంలా అర్థం చేసుకుంటారు. "చిత్తం కోసం కనిపెట్టుకుని ఉండాలి" అనండి. ఒక్క 'కొను'తో అర్థం దారిలో పడుతుంది. 37వ కీర్తనలో "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము, నీవు ఆయనను నమ్ముకొనుము" అన్నచోట కూడా ఉన్నది ఆ 'కొను' మహిమే. ఒకరు చెప్పింది నమ్ముతాం. కానీ రైతు భూమిని నమ్ముకుంటాడు. నమ్మడానికి తల ఊపితే చాలు, నమ్ముకోవడానికి బ్రతుకు పెట్టాలి.

ప్రావిడెన్స్‌కు కొత్తగా ఒక సంస్కృత సమాసం కట్టవలసిన పని లేదమ్మా. శీర్షికకు నామవాచకం కావలసివస్తే "దేవుని కాపుదల, నడిపింపు" అని రెండు మాటలు పెట్టుకోండి. సంఘంలో అందరికీ నోటికి వచ్చినవే. ప్రసంగంలో మాత్రం "ఆయన చూచుకొనును, మనం కనిపెట్టుకొందుము" అన్న రెండు క్రియల మీదే నిలబడండి. 32వ కీర్తనలోని "నీమీద దృష్టియుంచి నీకు ఆలోచన చెప్పెదను" అన్న మాట మీకు చక్కని ఆధారం. అక్కడ రెండు చూపులూ కలుస్తాయి. ఆయన దృష్టి మన మీద ఉంటుంది, మనం ఆయన ముఖం వైపు చూస్తేనే ఆ ఆలోచన మనకు అందుతుంది.

శుభలేఖ విషయంలో ఇంకొక్క మాట. చిత్తమైతే, చిత్తమయితే రెండూ ఒప్పే. ప్రెస్సులో పంక్తి చివర చోటు చాలక "చిత్త మైతే" అని విరగ్గొట్టడం నేను చాలాసార్లు చూశాను. అలా విరిగితే చదివేవారి కన్ను 'మైతే' దగ్గర తడబడుతుంది. అచ్చుకు ఇచ్చేముందు ఆ పంక్తి ఒక్కసారి చూసుకోండి.