నీళ్ళ గ్లాసుతో మొదలుపెట్టండి: అంతరిక్ష నౌకల నమూనాలకు చౌక విడిభాగాలు

రెండడుగుల పొడవున్న సరుకు రవాణా నౌకను సొంత ఊహతో కట్టాలనుకుంటున్నానని, విదేశీ కిట్లు కొనే స్తోమత లేదని, 500 రూపాయలలో విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని మీరు అడిగారు. నేను పన్నెండేళ్ళుగా హైదరాబాదులో ఇదే పనిలో ఉన్నాను. ఇప్పటికి పదకొండు నౌకలు పూర్తయ్యాయి, నాలుగు చెత్తబుట్టకు చేరాయి. ఆ నాలుగింటి వల్ల తెలిసినదేమిటంటే, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్నది రెండో ప్రశ్న. ఏ వస్తువు జిగురుకు లొంగుతుంది, ఏది లొంగదు అన్నదే మొదటి ప్రశ్న.

నా మొదటి నౌకకు జిగురు, రంగు తప్ప పైసా ఖర్చు కాలేదు. నీళ్ళ సీసాల మూతలు, షాంపూ సీసాల మూతలు, దగ్గు మందుతో పాటు వచ్చే కొలత గిన్నెలు ఏడాదిపాటు దాచి, అట్టతో చేసిన ఒంటికి ఫెవిక్విక్‌తో అంటించి, వెండి రంగు కొట్టి బీరువా మీద పెట్టాను. మే నెల ఎండలు ముదిరేసరికి మూతలు ఒక్కొక్కటే రాలడం మొదలైంది. రంగు గోటితో గీస్తే పొరలు పొరలుగా లేచి వచ్చింది. జిగురు నకిలీదనుకుని మరో నాలుగు ట్యూబులు కొన్నాను. తప్పు జిగురుది కాదు. ఆ మూతలన్నీ పాలీప్రొపిలీన్‌తోనో పాలీఇథిలీన్‌తోనో చేసినవి. వాటి ఉపరితలం మైనం పూసినట్లుండి, మామూలు జిగురునూ రంగునూ పట్టనివ్వదు. ఉచితంగా వచ్చిన సామాను చివరకు నాకు అన్నిటికంటే ఖరీదైన సామాను అయింది.

1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రానికి నౌకలు కట్టినవారు యుద్ధ ట్యాంకులు, విమానాలు, ఓడల ప్లాస్టిక్ కిట్లను పెద్ద సంఖ్యలో కొని, వాటిలోని చిల్లర భాగాలను నౌకల ఒంటినిండా అతికించారు. నమూనాలు కట్టేవారు గ్రీబుల్స్ అని పిలిచేది ఆ చిల్లర భాగాలనే. చూసేవారికి అందులో కనిపించేది అలంకారం. కట్టేవారికి కనిపించవలసినవి రెండు సౌకర్యాలు. ఆ కిట్లు పాలీస్టైరీన్‌వి కాబట్టి ఒకే ద్రావకంతో అన్నీ ఒకదానికొకటి కరిగి అతుకుతాయి. ఒకే కిట్టును పది కొంటే ఒకే భాగం పది వస్తుంది కాబట్టి కుడివైపు పెట్టినది ఎడమవైపు కూడా పెట్టవచ్చు. ట్యాంకు కిట్టు ఇక్కడ సులువుగా వెయ్యి రూపాయలు దాటుతుంది, కనుక దానిని పక్కన పెడదాం. కానీ ఒకే జాతి ప్లాస్టిక్, ఒకే ఆకారం అనేకం అన్న ఆ రెండు గుణాలను మాత్రం పాత సామానులో పట్టుబట్టి వెతకాలి.

ప్లాస్టిక్ జాతిని కనిపెట్టడానికి ఒక గ్లాసు నీళ్ళు చాలు. ముక్కను నీటిలో ముంచి, గాలి బుడగలు అంటుకోకుండా ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి వదలండి. ముక్క నురగ షీటు కాకపోతే, తేలినది పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్. ఎంత అందంగా ఉన్నా తిరిగి చెత్తలో వేయండి. మునిగితే, 200 మిల్లీలీటర్ల నీటిలో 40 గ్రాముల ఉప్పు కరిగించి అందులో వేయండి. ఉప్పునీటిలో తేలినవి దాదాపుగా పాలీస్టైరీన్ లేదా ఏబీఎస్, అంటే మనకు కావలసినవి. అక్కడా మునిగేవి పీవీసీ, పెట్, అక్రిలిక్ వంటివి. వీటిలో పీవీసీ, అక్రిలిక్ ఫెవిక్విక్‌కు బాగానే లొంగుతాయి. వస్తువు అడుగున త్రికోణంలో అంకె ఉంటే ఈ శ్రమ కూడా అక్కరలేదు: 6 అంటే పాలీస్టైరీన్, 3 అంటే పీవీసీ. 2, 4, 5 అంకెలు కనిపిస్తే ముట్టుకోవద్దు. కాల్చి వాసన చూసి గుర్తుపట్టమని కొందరు సలహా ఇస్తారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కాబట్టి ఆ పని చేయకండి.

ఇక సామాను సంగతి. నా అనుభవంలో రూపాయికి అత్యధిక ఫలితమిచ్చేది పాడైపోయిన కంప్యూటర్ కీబోర్డు. పాత సామాను దుకాణంలో ఇరవై ముప్ఫై రూపాయలకు వస్తుంది. అందులో నూటనాలుగు మీటలుంటాయి, వాటిలో అక్షరాలవీ అంకెలవీ అన్నీ ఒకే కొలత, సాధారణంగా ఏబీఎస్. మీటను తలకిందులు చేస్తే లోపలి గూడు, మధ్యలోని చిన్న గొట్టం సరిగ్గా నౌక పొట్టకింద ఉండే యంత్రపు పెట్టెలాగా కనిపిస్తాయి. నా ఏడో నౌక అడుగుభాగమంతా ఇలా బోర్లించిన మీటలే. ఇంటికి వచ్చినవారిలో ఒక్కరు కూడా ఇంతవరకు కనిపెట్టలేదు. దీని తరువాతిది ఇంక్‌జెట్ ప్రింటరు. దాని పైతొడుగు పెద్ద పెద్ద పలకలుగా కోసుకోవడానికి పనికివస్తుంది, లోపలి పక్కటెముకల వంటి కట్టడం కోసి అంటిస్తే చాలు, వేరే పనితనం అక్కరలేదు. అయితే అందులోని తెల్లని పళ్ళచక్రాలను చూసి మురిసిపోకండి. అవి చాలావరకు ఎసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్‌తో చేసినవి. ఉప్పునీటిలో మునుగుతాయి కాబట్టి పీవీసీ అనుకుని మోసపోతారు, కానీ మామూలు జిగురు ఏదీ వాటిని పట్టదు. వాడి తీరాలనుకుంటే మధ్యలోని రంధ్రం గుండా మర బిగించాలి.

సీడీల పారదర్శకపు పెట్టెలు పాలీస్టైరీన్‌వి. ఒకప్పుడు ప్రతి ఇంటిలోనూ గుట్టలుగా ఉండేవి, ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్లు మూసివేసినవారినీ, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలవారినీ అడగాలి. పెళుసుగా ఉంటాయి కనుక కత్తితో రెండు మూడు సార్లు గీసి విరచాలి, ఒకేసారి కోయబోతే పగులుతాయి. మాత్రల స్ట్రిప్పుల వెనుక రేకు తీసివేస్తే మిగిలే పారదర్శకపు బుడిపెలు ఎక్కువగా పీవీసీయే. ఒకే కంపెనీ మాత్ర రోజూ వేసుకునే పెద్దలు ఇంటిలో ఉంటే ఒకే కొలత బుడిపెలు నెలకు ముప్ఫై వస్తాయి. మా నాన్నగారి బీపీ మాత్రలు నా నౌకలకు కిటికీలయ్యాయి. ప్లాస్టిక్ చెంచాలు మంచి పాలీస్టైరీన్ సామానుగా ఉండేవి, కానీ 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే చెంచాలూ ఫోర్కులూ దేశమంతటా నిషేధించబడ్డాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఒంటికోసం షీటు కావాలంటే కొత్తది కొనే ముందు దుకాణాల పేరు బోర్డులు చేసేవారి దగ్గరకు వెళ్ళండి. వారు సన్‌బోర్డ్ అని పిలిచే తేలికైన పీవీసీ ఫోమ్ షీటు ముక్కలు, అక్రిలిక్ ముక్కలు రోజూ మిగిలిపోతుంటాయి. మర్యాదగా అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు. ఒకసారి పూర్తయిన నౌకను తీసుకువెళ్ళి చూపించాను, ఆ తరువాత నాకోసం ముక్కలు సంచిలో పక్కన పెట్టడం మొదలుపెట్టారు. వెన్నెముకగా కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు పెట్టండి, నీళ్ళ పైపు అనవసరంగా బరువు.

మీరు హనుమకొండలో ఉంటున్నానన్నారు కాబట్టి టీవీ మెకానిక్‌లు, సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలు మీకు దగ్గరి గనులు. పనికిరాని సర్క్యూట్ బోర్డుల నుంచి కెపాసిటర్లు, హీట్ సింకులు, ఐసీ సాకెట్లు ఊడదీసుకోవచ్చు. కరెంటు తీసివేసిన తరువాత కూడా పవర్ సప్లైలలోని పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది, పాత బొద్దు టీవీలలో మరీ ప్రమాదం. వాటిని మెకానిక్ చేతనే విప్పించండి. హైదరాబాదు వచ్చినప్పుడు ఎర్రగడ్డ ఆదివారపు సంతకు ఉదయాన్నే వెళ్తే విరిగిన బొమ్మలు, కీబోర్డులు కుప్పలలో ఏరుకోవచ్చు. కోఠీలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపొందినది, కాని అక్కడ దొరికేది కొత్త సరుకు. దీపాలు పెట్టాలనుకుంటే తప్ప ఈ పనికి మీకు అవసరం లేదు.

నచ్చిన భాగం ఒక్కటే దొరికినప్పుడు దానికి నకళ్ళు తీయాలి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే, వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ సీలెంటును వంటింటి కార్న్‌ఫ్లోర్‌లో వేసి, చేతికి తొడుగు వేసుకుని, ముద్ద చేతికి అంటుకోనంతవరకు పిసికి, భాగాన్ని అందులోకి నొక్కి వదిలితే గంటలోపే రబ్బరు అచ్చు తయారవుతుంది. ఆ అచ్చులోకి ఎం-సీల్ నొక్కి, గట్టిపడిన తరువాత తీయాలి. సన్నని గీతలు అంతగా రావు, కానీ ఇంజను చుట్టూ ఒకేలాంటి ఎనిమిది పెట్టెలు కావలసినచోట ఇంతకంటే చౌక మార్గం నాకు కనిపించలేదు.

పాలీస్టైరీన్‌ను పాలీస్టైరీన్‌కు అతికించడానికి పెయింటు దుకాణంలోని ఎన్‌సీ థిన్నరును సన్నని కుంచెతో కీలు వెంట రాస్తే చాలు. తలుపులు తెరిచి, పొయ్యికి దూరంగా ఈ పని చేయాలి. అదే థిన్నరులో సీడీ పెట్టె ముక్కలను కరిగిస్తే పగుళ్ళు నింపే లప్పం కూడా అవుతుంది. జాతులు వేరైనచోట ఫెవిక్విక్ వాడి, సందు మిగిలితే కాస్త వంట సోడా చల్లండి. క్షణంలో రాయిలాగా గట్టిపడుతుంది. చివరగా కార్లకు వాడే బూడిద రంగు ప్రైమరును దూరం నుంచి పలుచగా, ఆరనిస్తూ మూడు నాలుగు పూతలు కొట్టాలి, దగ్గర నుంచి తడిగా కొడితే అందులోని ద్రావకం పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. ఆ బూడిద రంగు పడేవరకు నౌక చెత్తకుప్పలాగానే ఉంటుంది, మధ్యలో నిరుత్సాహపడి ఆపవద్దు.

మీ 500లో ప్రైమరు డబ్బాకే సగానికి పైగా పోతుంది, మిగిలినదానిలో కీబోర్డులు రెండు, ఫెవిక్విక్, ఎం-సీల్, థిన్నరు చిన్న సీసా వస్తాయి. ఇంకా ఏమైనా మిగిలితే గాజుల దుకాణానికి వెళ్ళండి. ఇంజను గొట్టాల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు, వాటికి ప్లాస్టిక్ గాజులను మించినవి లేవు. గాజుల కొలతలో 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు, 2.2 నుంచి 2.8 వరకు ఒక్కొక్క కొలతకు మూడు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువగా వ్యాసం పెరుగుతూ పోతుంది. నాలుగు కొలతలను ఒకదానిమీద ఒకటి పేర్చి అతికిస్తే రాకెట్టు నాజిల్‌లాగా గంట ఆకారం దానంతట అదే వస్తుంది. రెండడుగుల నౌకకు అవి పెద్దవనిపిస్తే పిల్లల గాజులు 1.12 కొలతలో, అంటే సుమారు 44 మిల్లీమీటర్లలో అడగండి. ఒక్కొక్క కొలతలో ఒక్క గాజే ఇమ్మంటే కొట్టువారు ఎగాదిగా చూస్తారు, డజను లెక్కనే కొనండి. నాజిళ్ళు ఎలాగూ నాలుగైనా కావాలి.