చేనులో గదికి ముందు నీడ కావాలి

ప్రశ్న: మాకు కోవెలకుంట్ల వైపు ఒకటిన్నర ఎకరా నల్లరేగడి పొలం ఉంది. కరెంటు లైను అర కిలోమీటరు పైనే దూరం. స్తంభాలకు, తీగకు అయ్యే ఖర్చు విన్నాక ఆ ఆశ వదిలేశాం. నేను, మావారు వారంలో మూడు నాలుగు రోజులు అక్కడే ఉండి శనగ, జొన్న చూసుకోవాలనుకుంటున్నాం. చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు. మా అబ్బాయి కంటైనర్ ఇల్లు కొనమంటాడు. మేస్త్రీ రేకుల గది చాలంటాడు. సోలార్ ఎంత పెట్టించాలో, అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీరు కంటైనర్ గురించి అడిగారు, సోలార్ గురించి అడిగారు. నీడ గురించి అడగలేదు. 2016లో కదిరి దగ్గర మా రెండెకరాల్లో మొదటి గది కట్టినప్పుడు నేనూ దాని గురించి ఆలోచించలేదు. పంచాయతీరాజ్ పనుల్లో ముప్ఫై ఏళ్ళు గోడలు కట్టించినవాణ్ణి. అయినా సొంత గదికి వచ్చేసరికి తొందరపడ్డాను. పదడుగుల గది, నాలుగున్నర అంగుళాల గోడ, పైన ఇనుప రేకు, తలుపు పడమరకు. మే నెలలో రాత్రి పదకొండైనా గోడ వేడి కక్కుతూనే ఉండేది. ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే మొహాన కొట్టేది. మా ఆవిడ రెండు రాత్రులు చూసి, మంచం చింతచెట్టు కిందకు మార్చుకుంది.

దాంతో కూలర్ కొన్నాను. కూలర్‌కు చాలదని ఇంకో ప్యానెల్, ఇంకో బ్యాటరీ కొన్నాను. రోజూ రాత్రికి బ్యాటరీలు అడుగంటేవి. రెండో ఏడాది దాటకుండానే రెండూ పోయాయి. ఆ పై ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారానికి మూడు రేకులు లేచి పక్క చేనులో పడ్డాయి. ఆ వేళకు అక్కడ కూలీలు లేరు కాబట్టి సరిపోయింది. 2021లో ఆ గది విప్పేసి మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నాం. ఇప్పుడు చెప్పేదంతా ఆ రెండో గది అనుభవం.

మీ సోలార్ ప్రశ్నతోనే మొదలుపెడతాను. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, నాలుగేసి గంటలు వెలిగితే 108 వాట్-గంటలు (వాట్లను గంటలతో గుణించిన లెక్క). 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే రకం) పది గంటలు తిరిగితే 300. రెండు ఫోన్ల చార్జింగ్‌కు 30. మొత్తం 440లోపే. మన ఎండకు 200 వాట్ల ప్యానెల్ ఒక్కటి, నష్టాలన్నీ పోను, రోజుకు 600 వరకు ఇస్తుంది. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఒకటి ఉంటే మబ్బు పట్టినా రెండు రాత్రులు నెట్టుకురావచ్చు. ఇంతే.

ఇందులో ఒక్క కూలర్ చేర్చి చూడండి. 180 వాట్లు, పది గంటలు, 1,800. ఇప్పుడు నాలుగైదు ప్యానెళ్ళు, నాలుగు బ్యాటరీలు కావాలి. అంటే మీ సోలార్ ఖర్చును తేల్చేది సోలార్ కంపెనీ కాదు, మీ గోడ, మీ పైకప్పు. గది చల్లగా ఉంటే మిగతా లెక్క దానంతట అదే చిన్నదవుతుంది. అందుకే కంటైనర్ వద్దంటున్నాను. అది ఇనుప పెట్టె. నంద్యాల ఎండలో దాన్ని చల్లబరచడానికి ఏటా డబ్బు పోస్తూనే ఉండాలి. పైగా దాన్ని దించడానికి క్రేన్ రావాలి. వాన పడ్డాక మీ రేగడిలోకి క్రేన్ ఎలా వస్తుంది?

ఇక నేల. మాది ఎర్రనేల, రెండున్నర అడుగులకే గట్టి పొర తగిలింది. మీది రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పునాదిని రెండు వైపులా లాగుతుంది. మే నెలలో మీ పొలంలో ఒక గుంత తవ్వించి, నెర్రె ఎంత లోతు దాకా పోయిందో మీ కళ్ళతో చూడండి. నాలుగడుగులు పోవచ్చు, ఐదు పోవచ్చు. పునాది అడుగు దానికి ఇంకా కిందికి పోవాలి. కాలువను కాస్త వెడల్పుగా తీసి అడుగున, పక్కల ఇసుక గానీ గరుసు గానీ దట్టించి, మధ్యలో రాతి కట్టుబడి చేయించండి. దానిమీద చుట్టూ కమ్మీలు వేసిన కాంక్రీటు పట్టీ తప్పనిసరి. మేస్త్రీ "చిన్న గదికి అదెందుకమ్మా" అంటాడు. వినకండి. రేగడిలో గోడలు పగిలిన గదులు నేను చూసినవాటిలో చాలావాటికి ఆ పట్టీ లేదు. గది చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయిస్తే వాన నీళ్ళు పునాది దగ్గర నిలవవు. గది నేలను పొలం మట్టం కంటే రెండడుగులైనా ఎత్తులో ఉంచండి.

గోడకు మీ ఊరివాళ్ళు అదృష్టవంతులు. బనగానపల్లె, బేతంచెర్ల నాపరాయి మీ గుమ్మం ముందే ఉంది. నాపరాళ్ళతో అడుగున్నర మందం గోడ కట్టిన పాత ఇళ్ళు మీ వైపు ఊరూరా కనిపిస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి అలాంటి ఇంట్లోకి పోయి కూర్చోండి, నేను చెప్పేది అర్థమవుతుంది. కాకపోతే ఆ గోడ బరువు ఎక్కువ. రేగడిలో పునాది ఖర్చు దానికి తగ్గట్టు పెరుగుతుంది. అందుకని మీకు నా సలహా ఇటుకతో ర్యాట్ ట్రాప్ కట్టుబడి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెడతారు, మధ్యలో మూడంగుళాల ఖాళీ వస్తుంది. గోడ మందం తొమ్మిది అంగుళాలే, ఇటుకలు మాత్రం నాలుగో వంతు తగ్గుతాయి. లోపలి ఖాళీ వేడిని ఆపుతుంది. కేరళలో లారీ బేకర్ ఈ కట్టుబడిని ఎన్నో ఇళ్ళకు వాడి చూపించాడు. మా 12 బై 10 గదికి మామూలుగా నాలుగు వేల ఇటుకలు పట్టేవి, మూడు వేలతో అయిపోయింది. మా బేల్దారికి ఇది కొత్త. మొదటి రోజు నాలుగు వరసలు విప్పించి మళ్ళీ కట్టించాను. రెండో రోజు నుంచి అతనే తన కూలీకి నేర్పించాడు. నాపరాయిని నేలకు పరుచుకోండి, అంతకంటే చల్లని, చవకైన నేల లేదు.

పైకప్పుకు మంగళూరు పెంకు. పాత ఇళ్ళు విప్పేవాళ్ళ దగ్గర మంచి పెంకు దొరుకుతుంది. వేలితో తడితే గంటలా మోగాలి, మొద్దుగా మోగితే తీసుకోకండి. మాకు 400 పట్టాయి. పెంకు కింద ఒక అడుగు ఖాళీ వదిలి వెదురు తడికలు కట్టించాను. ఖాళీలోకి గాలి వచ్చి పోవడానికి త్రికోణపు గోడల్లో రెండు వైపులా కిటికీలాంటి సందులు పెట్టాను. ఈ తడికలకు అయిన డబ్బు నాలుగు వేలు దాటలేదు, గదిలో అంత తేడా ఇంకే ఖర్చూ తేలేదు. మీ పొలం చుట్టుపక్కల కోతులుంటే మాత్రం పెంకు జోలికి పోవద్దు, నెలకోసారి పైకెక్కి సర్దలేరు. అప్పుడు రేకే వేసి, జే బోల్టులు (కొక్కెంలా వంగినవి) దగ్గర దగ్గరగా బిగించి, పైన తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో కొట్టించి, కింద తడిక తప్పక కట్టించండి. తెల్ల కప్పు పనిచేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక విధానం తెచ్చింది. సిమెంటు రేకులు వద్దు. వాటిని కోసేటప్పుడు లేచే ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

పడమర గోడకు కిటికీ పెట్టకండి. ఆ వైపు ఆరడుగుల వసారా దించండి. పగలంతా మీరుండేది వసారాలోనే, గదిలో కాదు. వేపో కానుగో నాటుకోండి, కానీ గోడకు ఇరవై అడుగుల దూరంలో. రేగడిలో చెట్టు వేర్లు పునాది కింది తేమను లాగేస్తే గోడ బీట్లిస్తుంది.

నీళ్ళ సంగతి కూడా కప్పుతోనే ముడిపడి ఉంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ కప్పు 15 బై 17 అడుగులు ఉంటే దాదాపు 24 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే, వృథా పోను 950 లీటర్లు తొట్టిలో చేరతాయి. చూరు వెంట పీవీసీ గొట్టాన్ని సగానికి కోసి కట్టి, వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు పెట్టండి. మొదటి వాన నీళ్ళు బయటికి వదిలేయండి, కప్పు మీది దుమ్ము అందులో పోతుంది. ఆ నీళ్ళు స్నానానికి, గిన్నెలకు. తాగడానికి ఊరినుంచి క్యాను తెచ్చుకుంటాం మేము.

మరుగుదొడ్డికి జంట గుంతలు తవ్వించండి. ఒకటి నిండాక రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాదిన్నర కదపకుండా వదిలేస్తే ఎరువవుతుంది. బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. రేగడిలో నీళ్ళు త్వరగా ఇంకవు కాబట్టి గుంత చుట్టూ అడుగు మందం ఇసుక పోయించండి.

2021లో మాకు పునాది రాయి నుంచి సోలార్ దాకా అన్నీ కలిపి 2 లక్షల 20 వేలయింది. అందులో సోలార్ 32 వేలు, మరుగుదొడ్డి 25 వేలు, కూలీలు 44 వేలు. తలుపు, కిటికీలు పాతవి కొన్నాం. ధరలు అప్పటికంటే పెరిగాయి, మీకు పునాది ఖర్చు కూడా ఎక్కువే. కాబట్టి మీ రెండున్నర లక్షలు సరిపోవాలంటే వసారాను ఒక ఏడాది ఆపి, అక్కడ తాటాకు పందిరి వేసుకోండి. పునాదిలో మాత్రం ఒక్క రూపాయి తగ్గించకండి. ముగ్గు పోయకముందే పంచాయతీ కార్యదర్శిని, తహసీల్దారు ఆఫీసును కలిసి, సాగు భూమిలో నివాసపు గదికి ఏ అనుమతి కావాలో అడిగి కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: మా తోటలో 335 వాట్ల ప్యానెల్, 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ, మామూలు ఇంటి ఇన్వర్టర్ పెట్టించాను. రెండు బల్బులు, ఒక ఫ్యాన్. ఏడాదికే రాత్రి రెండు గంటలు కూడా రావడం లేదు. బ్యాటరీ మంచిది కాదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బ్యాటరీని అనుమానించే ముందు ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య ఉన్న కంట్రోలర్ పెట్టె మీద ఏం రాసి ఉందో చూడండి. పీడబ్ల్యూఎం అని ఉంటే మీ కష్టం అక్కడే ఉంది. మీ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర పనిచేసేది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి, అంటే 13కు, లాగేస్తుంది. ఆంపియర్లు మాత్రం తొమ్మిది దాటవు. 335 వాట్లకు డబ్బు కట్టి 120 వాట్లు వాడుకుంటున్నారు. బ్యాటరీ ఏ రోజూ నిండడం లేదు. సగం సగం చార్జింగ్‌తో నడిస్తే మీ ట్యూబులర్ లాంటి లెడ్ బ్యాటరీ ప్లేట్లకు తెల్లటి గట్టి పొర పడుతుంది, దాని ఆయుష్షు అక్కడితో సరి. ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టించండి, అది ప్యానెల్‌ను దాని వోల్టేజి దగ్గరే నడిపి, ఎక్కువైన వోల్టేజిని ఆంపియర్లుగా మారుస్తుంది.

రెండోది ఇన్వర్టర్. ఏమీ వాడకపోయినా అది తనకోసం 15 వాట్ల దాకా తింటుంది. 24 గంటలకు 360 వాట్-గంటలు. మీ ఫ్యాన్ బీఎల్‌డీసీ అయితే పది గంటల్లో తినేదానికంటే అదే ఎక్కువ. ఇంత చిన్న వాడకానికి ఇన్వర్టరే వద్దు. 12 వోల్టుల డీసీ బల్బులు, డీసీ ఫ్యాన్ దొరుకుతాయి, నేరుగా కంట్రోలర్ నుంచి ఇవ్వండి, మధ్యలో ఫ్యూజు పెట్టండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడండి. బ్యాటరీ మీరు పడుకునే గదిలో ఉంటే ఈరోజే బయటికి మార్చండి. చార్జింగ్ అప్పుడు దాన్నుంచి వచ్చే గ్యాసు మండే గుణం ఉన్నది.

ప్రశ్న: పొలంలో గది కట్టుకున్నాం కానీ ఈ వానాకాలంలో రెండుసార్లు లోపలికి పాము వచ్చింది. పిల్లలతో పడుకోవాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, పీలేరు

జవాబు: భయం సహజమేనమ్మా. గోడకు ఆనించి కట్టెలు, ఇటుకలు, పశుగ్రాసం ఉంటే ముందు అవి తీయించండి. అక్కడ ఎలుకలు చేరతాయి, వాటికోసం పాము వస్తుంది. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ, తూములకు, కిటికీలకు సన్నటి జాలీ కొట్టించండి. రాత్రి నేలమీద పడుకోవద్దు. కట్లపాము ఎక్కువగా నిద్రలో ఉన్నవాళ్ళను కాటేస్తుంది, దాని కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మంత్రానికి పోవద్దు, కాటు పడ్డ చోట కోయవద్దు, కట్టు బిగించవద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మందు మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో ఈ వారంలోనే పోయి కనుక్కుని, ఆ ఆసుపత్రి ఫోన్ నంబరు తలుపు వెనక రాసి పెట్టండి. మంచాలు గోడకు జానెడు ఎడంగా వేసి, దోమతెర అంచులు చుట్టూ పరుపు కిందకు దోపి పిల్లల్ని పడుకోబెట్టండి.